నరసాపురం చేతి లేసు బల్లగుడ్డ: చాలాకాలం వాడిన తరువాత నా అభిప్రాయం

నరసాపురంలో చేతితో అల్లించిన నూలు లేసు బల్లగుడ్డ ఒకటి 2022 వర్షాకాలం వెళ్లిపోతుండగా మా ఇంటికి వచ్చింది. మా అన్నయ్యగారి గృహప్రవేశానికి కానుకగా ఇద్దామని చేయించాను కానీ, అది ముహూర్తానికి అందలేదు. వారికి వెండి కుందులు ఇచ్చి దీన్ని నేనే ఉంచుకున్నాను. అప్పటి నుంచి సంక్రాంతికీ, కార్తీక మాసంలో చుట్టాలు వచ్చినప్పుడూ, పిల్లల పుట్టినరోజులకూ దీన్ని పరుస్తూనే ఉన్నాను. దీని మీద పులుసు ఒలికింది, నెయ్యి మరక పడింది, ఎన్నోసార్లు ఉతికి గంజి పెట్టాను. ఇప్పటికీ ఒక్క పువ్వు ఊడలేదు, ఒక్క అతుకు జారలేదు, అంచు ఎక్కడా వంకర తిరగలేదు. ఇంతకాలం వాడిన వస్తువు గురించి నమ్మకంగా చెప్పగలనన్న ధైర్యంతోనే ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ గుడ్డ ఇంత గట్టిగా ఉండటానికి కారణం దారం నాణ్యత ఒక్కటే కాదని, దీన్ని అల్లిన వారు కష్టకాలంలోనూ రోజూ పాటించిన ప్రార్థనా, పని విడువని పట్టుదలా ఈ అల్లికలోనే ఉన్నాయని నేను నమ్ముతున్నాను. అలా ఎందుకు అంటున్నానో వస్తువును చూపిస్తూనే వివరిస్తాను.

ఇది ఒకే మనిషి మొదటి నుంచి చివరి వరకూ అల్లిన గుడ్డ కాదు. అరచేతి వెడల్పున్న గుండ్రని పువ్వులను వేర్వేరు ఇళ్లలో వేర్వేరు స్త్రీలు అల్లుతారు. దీనిని అక్కడివారు చేతిపని అంటారు. అవన్నీ ఒక ఇంటికి చేరిన తరువాత, అనుభవమున్న మరొక స్త్రీ వాటిని చాప మీద వరుసగా పేర్చుకుని, ఒక పువ్వు రెక్క కొన నుంచి పక్క పువ్వు రెక్క కొనకు దారం నడిపిస్తూ ఒకే గుడ్డగా కలుపుతుంది. దానిని అతుకుపని అంటారు. చివరగా చుట్టూ అంచు అల్లుతారు. ఇందులో మగ్గం లేదు, చట్రం లేదు, కొక్కెంలా వంగిన చిన్న ఉక్కు సూది, దారం ఉండ, పది వేళ్లు మాత్రమే ఉంటాయి. కొన్ని గొలుసు కుట్లను చుట్టలా కలిపి పువ్వుకు నడిమి భాగం కడతారు. దాని చుట్టూ ఒక్కో వరుసా పెంచుకుంటూ రెక్కలు తీస్తారు. ఎడమచేతి చూపుడువేలి మీదుగా దారం ఎంత బిగువుగా జారుతుందన్న దాని మీదే పువ్వు పరిమాణం ఆధారపడి ఉంటుంది. బిగువు కొంచెం పెరిగితే పువ్వు చిన్నదై అంచులు పైకి లేస్తాయి, తగ్గితే వదులై రెక్కలు వాలిపోతాయి. పది ఇళ్లలో పదిమంది అల్లిన పువ్వులు పక్కపక్కన చదునుగా పడుకోవాలంటే ఆ పదిమంది చేతుల బిగువూ దాదాపు ఒకటిగా ఉండాలి. నా గుడ్డను గచ్చు మీద పరిచి అరచేత్తో నిమిరి చూశాను. ఎక్కడా ఎత్తుపల్లాలు తగలలేదు. లేసులో అన్నిటికంటే కష్టమైన గుణం ఇదేనని తరువాత తెలిసింది.

కొన్నది నరసాపురంలోని ఒక చిన్న దుకాణంలో. దాని పేరు రాయను. ఎందుకంటే నా అసంతృప్తి కొంత ఆ దుకాణం వ్యవహారం మీదే ఉంది. వేసవిలో సగం డబ్బు ముందుగా కట్టి, కొలతలు కాగితం మీద రాసి ఇచ్చాను. చెప్పిన గడువు దాటిపోయింది. ఫోను చేసినప్పుడల్లా వచ్చే వారం అన్నారే గాని, ఎందుకు ఆలస్యమవుతోందో ఎవరూ చెప్పలేదు. సామాను ఆలస్యమైనందుకు నాకు బాధ లేదు, కారణం దాచినందుకు మాత్రం బాధ కలిగింది. చివరికి నేనే పట్టుబట్టి అతుకుపని ఎవరి ఇంట్లో జరుగుతోందో తెలుసుకుని అక్కడికి వెళ్లాను. ఆ దుకాణంలో చెప్పి ఉండవలసిన సంగతులన్నీ ఆ ఇంటి అరుగు మీద తెలిశాయి.

ఆ ఇల్లు యలమంచిలి మండలంలోని లంక గ్రామాల్లో ఒకదానిలో ఉంది. 2022 జులైలో వశిష్ట గోదావరి ఆ లంకలన్నింటినీ ముంచెత్తింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడవ ప్రమాద హెచ్చరిక ఎగురవేస్తారు. ఆ సంవత్సరం వరద ఆ మట్టాన్నీ దాటి పోయింది, ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు మించింది. పెద్దవాళ్లు 1986 ఆగస్టు వరదను గుర్తుచేసుకున్నారు. అప్పుడు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. ఏటిగట్టు లోపల ఉన్న లంకవాసులకు వరద కొత్త కాదు. పశువులను గట్టు మీదకు తోలి, బియ్యం బస్తాలు అటక ఎక్కించి, పిల్లలను పడవ ఎక్కించడం వారికి తెలిసిన పనే. అయితే లేసు అల్లే ఇంట్లో అదనంగా మరొక చింత ఉంటుంది. అది తెల్లని నూలు. బురద నీళ్లు తగిలితే ఆ దారం మళ్లీ తెల్లబడదు. దారం ఇచ్చి అల్లించుకునే ఏజెంటు, పాడైన దారం విలువను కూలిలో కోసుకుంటాడు. అతుకుపని చేసే ఆవిడ ఇంటి నుంచి బయటికి వస్తూ మోసుకొచ్చిన వాటిలో భర్త మందుల సంచి, బైబిలు, పాలిథీన్ కవరులో చుట్టి పైన తువ్వాలుతో కట్టిన లేసు మూట ఉన్నాయట. ఆ మూటలో నా బల్లగుడ్డ పువ్వులు కూడా ఉన్నాయి.

పునరావాస కేంద్రంగా మార్చిన బడి గదిలో చాలా కుటుంబాలు సర్దుకున్నాయి. చేతులు శుభ్రంగా కడుక్కునే వీలు లేని తొలి రోజుల్లో వాళ్లు సూది ముట్టలేదు. మంచినీళ్ల ట్యాంకరు రావడం మొదలైన తరువాత ఆ స్త్రీలలో కొందరు వరండాలో కూర్చుని తిరిగి పువ్వులు అల్లడం ఆరంభించారు. వరద తీసి ఇళ్లకు చేరాక ఆవిడ ఆ పువ్వులను పాత వాటి పక్కన పేర్చి చూస్తే అవి చిన్నవిగా ఉన్నాయి. మనసు బిగుసుకున్నప్పుడు వేలు కూడా బిగుసుకుంటుందని, ఇల్లు నీళ్లలో ఉందన్న దిగులుతో అల్లిన పువ్వు మామూలు పువ్వులా ఉండదని ఆవిడ నాకు చెప్పారు. ఇంకొకరైతే వాటిని తడిపి లాగి సాగదీసి కలిపేసేవారేమో. మొదటి ఉతుకు దాకా ఎవరికీ తెలియదు కూడా. ఆవిడ ఆ పని చేయలేదు. ఎవరు అల్లిన పువ్వులను వారికే తిరిగి ఇచ్చి, దారం కొస పట్టి విప్పించి, ఆ దారాన్నే చిలప చుట్టి, తడిపి, ఆరబెట్టి, సాపు చేయించి మళ్లీ అల్లించారు. విప్పిన పనికి కూలి లేదు. ఆ వారాల్లో ఆ ఇళ్లలో పైస ఎంత అవసరమో ఊహించుకోవచ్చు. నా బల్లగుడ్డ గృహప్రవేశానికి అందకపోవడానికి అసలు కారణం ఇదీ.

విప్పి మళ్లీ అల్లే ఓర్పు మీకు ఎక్కడి నుంచి వచ్చిందని ఆవిడను నేరుగానే అడిగాను. ఆవిడ నవ్వి, “మాకు అలవాటేనండి టీచరుగారండి, పొద్దున్నే లేచి ప్రార్థన చేసుకోవడం ఎలాగో ఇదీ అలాగేనండి,” అన్నారు. తరువాత తన సంగతి చెప్పారు. భర్త కొబ్బరి దింపు తీసే పనిలో ఉండేవారు. ఒక ఏడాది వానల్లో తడిసిన చెట్టు మీద నుంచి కాలు జారి పడ్డారు, నడుము విరిగింది, మంచం పట్టారు. ఆసుపత్రి ఖర్చులకు చేసిన అప్పు వడ్డీతో పెరిగింది, కూతురు చదువు మధ్యలో ఉంది. ఈ ప్రాంతంలో చాలామంది ఆడవాళ్లు ఇలాంటి సమయంలో ఇంటిపనికి కువైట్ వెళతారు. ఆవిడకు కూడా అదే సలహా వచ్చింది. కానీ మంచం మీద ఉన్న మనిషిని వదిలి వెళ్లలేక, అప్పటిదాకా పువ్వులు మాత్రమే అల్లే ఆవిడ అతుకుపని నేర్చుకున్నారు. “మా ఆయన్ని మంచం మీంచి లేపమని రోజూ అడిగేదాన్నండి. ఆయన లేవలేదండి. నన్ను మాత్రం రోజూ నాలుగింటికల్లా లేపేసేవాడండి దేవుడు,” అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, గొప్ప చెప్పుకోవడం అంతకంటే లేదు. జరిగింది జరిగినట్లు చెప్పారు.

ఆ నాలుగు గంటల వేళ ఏమి జరుగుతుందో కూడా చెప్పించుకున్నాను. మోకాళ్ల మీద ప్రార్థన, ఒక కీర్తన, భర్తకు మంచం మీదే ఒళ్లు తుడిచి బట్టలు మార్చడం, తరువాత తెల్లవారే దాకా సూది. కరెంటు లేని రోజుల్లోనూ ఈ వరుస తప్పలేదట. ఏదో ఒక రోజు అద్భుతం జరుగుతుందని ఎదురుచూస్తూ కూర్చున్న మనిషి జీవితం ఇది కాదు. మోయలేనంత పెద్ద కష్టాన్ని ఒక్క ఉదయానికి సరిపడేంత తునకగా విడదీసి, ఆ తునకను మోయడానికి చాలినంత బలం మాత్రమే ఆవిడ రోజూ అడిగారు. లేసు కూడా అలాగే తయారవుతుంది. బల్లగుడ్డ మొత్తాన్ని తలచుకుంటే ఎవరికీ చేయి ఆడదు, ముందున్న పువ్వును పూర్తి చేస్తే చాలు.

ప్రార్థన అంటే ఒంటరిగా కళ్లు మూసుకోవడం ఒక్కటే అనుకునేవారు ఆ ఊరి స్త్రీల కూడికను చూడాలి. డెల్టాలోని క్రైస్తవ కుటుంబాల్లో పిడికెడు బియ్యం అనే ఆచారం ఉంది. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు, నిండిన తరువాత సంఘానికి ఇస్తారు. ఎన్నో ఏళ్లు ఆ డబ్బా నింపిన ఈ ఇంటికే, భర్త పడిపోయిన ఏడాది, అలాంటి డబ్బాల బియ్యం వచ్చాయి. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చే ఆడవాళ్లు వంతులు వేసుకుని ఆయన దగ్గర కూర్చునేవారు. ఆ సమయంలోనే ఆవిడ పంటు మీద ఏరు దాటి వెళ్లి సరుకు అప్పగించి వచ్చేవారు. ఎవరికి ఏ బాధ ఉందో ప్రార్థన అంశంగా పైకి చెప్పుకునే చోట, ఆ బాధకు ఏం చేయాలో కూడా అప్పటికప్పుడే తేలుతుంది. విశ్వాసం మనిషిని నిలబెడుతుందని నేను అంటున్నప్పుడు ఈ బియ్యం డబ్బాలూ, ఈ వంతులూ నా మనసులో ఉన్నాయి.

పువ్వులు అల్లినవారిలో ఒక పెద్దావిడ శివభక్తురాలు. నేను వెళ్లిన రోజు అదే అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ సూదితో పాటు పంచాక్షరి కూడా పెదవుల మీద కదులుతూ ఉంటుంది, వరుస పూర్తయిన చోట ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలుపెడతారు. పక్కనే అతుకుపని ఆవిడ కీర్తన సన్నగా పాడుకుంటారు. ఇన్నేళ్లలో ఒకరి స్వరం ఒకరికి అడ్డు రాలేదట. కార్తీక సోమవారాల్లో ఉపవాసముండి పాలకొల్లు క్షీరారామానికి వెళ్లడం పెద్దావిడకు నియమం. పంచారామాల్లో ఒకటైన ఆ క్షేత్రం కథ డెల్టాలో అందరికీ తెలిసిందే. ఉపమన్యుడనే బాలుడు పాల కోసం శివుణ్ణి ప్రార్థించగా, ఆయన కరుణించి అక్కడి కొలనును పాలతో నింపాడని చెబుతారు. ఆవిడ ఆ కథను తనదైన పద్ధతిలో చెప్పారు: “పిల్లాడు ఒక్కసారి అడిగి ఊరుకోలేదు కదమ్మా. అడగడం మానకపోబట్టే పాలొచ్చాయి.” పెద్దావిడ కొడుకు వలస పోయి తిరిగి రాలేదు, మనవడిని ఆవిడే పెంచుతున్నారు. ఆ ఒక్క వాక్యంతో ఆ సంగతి ముగించి సూది తీసుకున్నారు, నేనూ మరేమీ అడగలేదు.

ఈ చేతిపనికీ ప్రార్థనకూ ఉన్న బంధం ఈనాటిది కాదు. 1836లో మన దేశానికి వచ్చి, తరువాత గోదావరి డెల్టాలోని నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడిన మిషనరీలు బౌడెన్, బీర్ దంపతులు కలిగిన కుటుంబాల నుంచి వచ్చినవారు కాదు. బౌడెన్ రాతిపని చేసినవాడు, బీర్ చెప్పులు కుట్టినవాడు. వారు వచ్చేసరికి ఈ నేల 1833 కరువు నుంచి ఇంకా తేరుకోలేదు. మూడేళ్లలోనే, 1839 నవంబరులో, కోరంగి తుపాను తీరాన్ని ఊడ్చేసింది. తరువాత 1844 ప్రాంతంలో స్కాట్లాండుకు చెందిన మెక్రే దంపతులు ఇక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని చరిత్ర చెబుతుంది. ప్రార్థన నేర్పిన చోటే కడుపు నింపే పని కూడా నేర్పారన్నది నాకు ముఖ్యమైన విషయంగా తోస్తుంది. అదే కాలంలో, 1847 నుంచి 1852 వరకూ, కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. ఆయన కూడా గాఢమైన దైవభక్తి ఉన్నవాడే. అనారోగ్యంతో మధ్యలో ఆగవలసి వచ్చినా, ఖర్చు విషయంలో పైవారితో ఎన్ని వాదాలు నడిచినా పని వదలలేదు. కరువుతో ఖాళీ అయిన ఊళ్లు అన్నపూర్ణలైన తరువాత, గోదావరి స్నానం చేసే కొందరు పురోహితులు సంకల్పంలో ఆయనను భగీరథుడని స్మరించడం మొదలుపెట్టారు. ఆంగ్లేయుడైన ఇంజనీరు ఒకడు మన స్నాన మంత్రంలో చేరడం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది. లేసు మాత్రం ఆనకట్టలా కళ్లకు కనిపించే పెద్ద కట్టడం కాదు. అయినా 1899 నాటి కరువునూ, 1929లో మొదలైన ప్రపంచ ఆర్థిక మాంద్యాన్నీ, 2020 లాక్‌డౌన్‌లో ఎగుమతులు నిలిచిపోయిన కాలాన్నీ దాటుకుని ఇళ్ల అరుగుల మీదే బతికింది.

ఇక ధర. ఇంత పెద్ద గుడ్డకు నేను చెల్లించిన మొత్తం నగరంలోని పెద్ద దుకాణంలో యంత్రం మీద తయారైన తెర గుడ్డ ఖరీదు కంటే ఎక్కువేమీ కాదు. కొన్నప్పుడు చవకగా వచ్చిందని సంతోషించాను. పువ్వుకు ఎంత ఇస్తారో, అతుక్కు ఎంత ఇస్తారో తెలిసిన తరువాత ఆ సంతోషం నిలవలేదు. పనిచేసిన గంటలతో భాగిస్తే వచ్చే కూలి పొలంలో నాట్లకు వెళ్లే ఆడకూలీ సంపాదనకు ఏ మాత్రం సరితూగదు. దీనికి పాత సాకు ఒకటి ఉంది: ఇది ఆడవాళ్లు తీరిక వేళల్లో కాలక్షేపానికి చేసుకునే పని అంటారు. తెల్లవారుజాము నాలుగు గంటలకు లేచి చేసే పనిని తీరిక అనడం అన్యాయం. వాళ్లు భక్తిపరులు, ఓర్పు గలవారు, గొడవ చేయరు అన్న మాటను మెచ్చుకోలుగా వాడుతూనే కూలి తగ్గించడం అంతకంటే అన్యాయం. ఆ ఓర్పు వాళ్లు దేవుడి దగ్గర అడిగి తెచ్చుకున్నది, వాళ్ల పిల్లల కోసం తెచ్చుకున్నది. దానిలోంచి మధ్యవర్తి లాభం తీయకూడదు. నా సమీక్షలో ఈ వస్తువుకు అత్యుత్తమమైన మాటలే చెబుతాను కానీ, అది అమ్ముడయ్యే పద్ధతికి అంత మంచి మాట చెప్పలేను. నా బిల్లు మీద దుకాణం పేరు, తూకం, ధర ఉన్నాయి గాని అల్లినవారి గురించి ఒక్క అక్షరం లేదు.

కొనదలచినవారికి కొన్ని పరిశీలనలు. నరసాపురం క్రోషే లేసుకు, అంటే కొక్కెం సూదితో అల్లే ఈ లేసుకు, 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది కాబట్టి, వేరే చోట తయారైన సరుకును ఆ పేరుతో అమ్మకూడదు. అయినా చైనా యంత్రాల లేసు అదే బజారులో చౌకగా దొరుకుతోంది. తేడా కనిపెట్టడం కష్టం కాదు. యంత్రం లేసు అంచుల వెంట కోసిన దారపు కొసలు నూగులా తేలి కనిపిస్తాయి, పువ్వులన్నీ అచ్చు గుద్దినట్లు ఒకే తీరుగా ఉంటాయి. చేతి లేసులో దారం కొసను కుట్ల లోపలికి దూర్చి దాచేస్తారు. దగ్గరగా చూస్తే ఒక పువ్వుకూ మరొక పువ్వుకూ వెంట్రుకవాసి తేడా ఉంటుంది, అయినా గుడ్డ మొత్తం చదునుగా పడుతుంది. అతుకుల దగ్గర రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగి చూడండి, మంచి అతుకు సాగి వెనక్కి వస్తుంది. రంగు దారాలతో చేసినవి కూడా దొరుకుతాయి గాని, తెలుపు లేదా మీగడ రంగు తీసుకోవడమే మేలని నా అభిప్రాయం.

లోపాలు లేకపోలేదు. మొదటి ఉతుకులో గుడ్డ కొంత కుంచించుకుంది, బల్ల చుట్టూ వేలాడే అంచు నేను అనుకున్నంత కిందకు రాలేదు. కొలతలు ఇచ్చేటప్పుడే ఉతికిన తరువాతి కొలత అని రాసి ఇవ్వడం మంచిది. వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు. చల్లని నీళ్లలో తేలికపాటి సబ్బుతో నానబెట్టి, పిండకుండా, తువ్వాలులో చుట్టి నొక్కి నీరు తీయాలి. దండెం మీద వేలాడదీస్తే బరువుకు సాగిపోతుంది, అందుకని నీడలో చాప మీద పరిచి ఆరబెట్టాలి. పలుచని గంజి పెట్టి, కాస్త తడిగా ఉండగానే తిరగేసి పైన నూలు గుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే పువ్వులు నలగవు. పసుపు మరక పడితే ఎండలో పెట్టండి, చాలా వరకు పోతుంది. నూనె మరక మాత్రం వెంటనే చూసుకోకపోతే మొండికేస్తుంది. దాచేటప్పుడు ప్లాస్టిక్ సంచిలో కాకుండా పాత పంచెలో చుట్టి, మడతలు అప్పుడప్పుడు మార్చాలి.

తరువాతి ఆర్డరును దుకాణం ద్వారా కాకుండా ఆ అరుగు మీద కూర్చునే స్త్రీలకే నేరుగా ఇచ్చాను. మంచం దుప్పటి అడిగాను. ధర వాళ్లనే చెప్పమన్నాను. మొదట మొహమాటపడి తక్కువ చెప్పారు. అతుకుపని ఆవిడ కూతురు చదువు పూర్తయి ఇప్పుడు నర్సుగా చేస్తోంది, సెలవు మీద ఇంటికి వచ్చి ఉంది. ఆ అమ్మాయి కాగితం తీసుకుని దారం ఖరీదు, పువ్వుల లెక్క, అతుకు, అంచు, బస్సు చార్జీలతో సహా వేసి, “ఇంతవుతుందండి మేడమ్, విప్పి అల్లాల్సి వస్తే దానికీ ఇందులోనే ఉంది,” అని స్పష్టంగా చెప్పింది. తల్లి ఆ అమ్మాయిని వారించబోతే నేను ఆపాను. ఆ లెక్కలో నాకు ఏ తప్పూ కనిపించలేదు. దారం కొనుక్కోవడానికి సగం ముందుగా ఇచ్చాను. ఆ దుప్పటి చెప్పిన సమయానికి, చెప్పిన కొలతకు వచ్చింది, అల్లిక మొదటిదానికి ఏ మాత్రం తీసిపోలేదు. మీరు కూడా చేయించుకోదలిస్తే జులై, ఆగస్టు నెలలు వదిలేసి అడగండి. లంకల్లో అవి వరద నెలలు, గాలిలో చెమ్మ ఎక్కువ, చేతికి దారం జారదు. క్రిస్మసుకో సంక్రాంతికో కావాలంటే దసరా నాటికే మాట ఇచ్చి, సగం డబ్బు చేతిలో పెట్టి రావాలి.